చెవి వెనక తెల్లరంగు

మా ఆయన జోకర్. తిట్టు కాదు, ఉద్యోగం. పుట్టినరోజు వేడుకల్లో, ఆసుపత్రి వార్డుల్లో పిల్లల్ని నవ్విస్తాడు. నేను దర్జీని. వదులు ప్యాంటు కుట్టించుకోవడానికి మొదటిసారి మా కొట్టుకు ముఖం నిండా రంగులతోనే వచ్చాడు. ఆ ముఖం మీంచి చూపు తిప్పుకోలేక, నడుము మూడుసార్లు కొలిచాను.

పెళ్లయి ఐదు నెలలైంది. రోజూ పని దగ్గరే నూనె రాసి, రంగంతా కడిగేసుకుని, బడిపంతులులా ఇంటికొస్తాడు. ఇదివరకు ఒక సంబంధం వాళ్లు ఆ ముఖం చూసి వద్దన్నారట. నేనూ సిగ్గుపడతానని ఆయన భయం. నాకేమో ఆ ముఖం కోసమే ప్రాణం లాగుతోంది. ఒకరోజు చెవి వెనక కాస్త తెల్లరంగు మిగిలిపోయింది. అది చూసి ఒళ్లంతా వేడెక్కింది.

చెబితే, నాకు కావలసింది వేషమే, తను కాదనుకుంటాడేమో! కక్కలేక మింగలేక మా వదిన దగ్గర కూలబడ్డాను.

"వదినా, నాకేమైనా పిచ్చా?"

"మీ అన్నయ్య బట్టతలంటే నాకెంత మోజో ఎవరికైనా చెప్పానా? ఇద్దరికీ ఇష్టమైతే నష్టమేముందే! సరేగానీ, జోకరే ఎందుకో ఎప్పుడైనా ఆలోచించావా?"

ఆలోచించాను. నవ్వితే నలుగురూ ఏమనుకుంటారో అని హడలిపోయే ఇంట్లో పెరిగాను. నలుగురిలో పడి, లేచి, తన మీద తనే నవ్వుకునే మగవాడి ముందు నాకు బెరుకుండదు. కారణం అంతేనా అంటే తెలియదు. సగం అర్థమైనా మనసు తేలికపడింది.

మర్నాడు పొద్దున్నే ఆయనకు చెప్పేశాను. తువ్వాలు మడతపెడుతూ ఆగిపోయాడు.

"అంటే... ఏ జోకరైనా ఫర్వాలేదా?"

"పెళ్లికి ముందు ఎవరైనా బానే ఉండేవాళ్లు," నిజమే చెప్పాను. "ఇప్పుడు వేరేవాళ్లు ఎర్రముక్కు పెట్టుకుంటే జలుబు చేసిందనుకుంటా."

ఆయన నవ్వలేదు. తువ్వాలు సంచిలో కుక్కుకుని పనికి వెళ్లిపోయాడు. అనవసరంగా నోరు జారానని రోజంతా నన్ను నేనే తిట్టుకున్నాను. మూడు జేబులు తలకిందులుగా కుట్టాను.

సాయంత్రం మెట్ల మీద టపటపమని పొడవాటి బూట్ల చప్పుడు! గబగబా ఎర్ర గుడ్డముక్క ఉండచుట్టి, ముక్కు మీద దారంతో కట్టుకుని తలుపు తీశాను. ఎదురుగా తెల్లటి ముఖం, చెవుల దాకా సాగిన నోరు. నా ముక్కు చూసి ఆయన గడప తన్నుకుని బోర్లా పడ్డాడు. పడడం ఆయన వృత్తి కాబట్టి, ఏది నటనో ఏది నిజమో నాకు తెలుసు. ఇది నిజం.

"అయ్యో, దెబ్బ తగిలిందా?"

"తగిలింది. ముందు తలుపెయ్యి," అన్నాడు.