రెండో దెబ్బ

స్పానరు లారీ ఛాసిస్‌కి తగిలి ఖంగుమంది. రహిమున్నీసా కుడికాలు చాపి బ్రేకు తొక్కింది. రెండుసార్లు ఖంగుమంది. వదిలింది. మార్టూరు హైవే పక్కనున్న ఆ షెడ్డులో మొగుడూ పెళ్ళాలు చెప్పుకునే కబుర్లు చాలావరకు ఇవే. పక్కనే గ్రానైటు రాళ్ళు కోసే రంపాలు. వాటి మోతకి గొంతు చించుకున్నా వినపడదు గనక, లారీల కరెంటు పని చేసే మాబు బండి కింద వెల్లకిలా పడుకుని ఇనుముని కొడతాడు. ఒక దెబ్బ తొక్కమని, రెండు వదలమని, మూడు రివర్సు గేరు వెయ్యమని.

ఆమె జన్మలో ఒక్క లారీని జానెడు కూడా నడపలేదు. కానీ ఆ రోడ్డున తిరిగే రాళ్ళ బళ్ళన్నిటి డ్రైవరు సీట్లూ ఆమెకు తెలుసు. పొట్టి మనిషి. సీటు అంచున కూర్చుంటేగాని పెడలు అందదు. ఏళ్ళ తరబడి తొక్కీ తొక్కీ కుడి పిక్క రాయిలా గట్టిపడింది. ఆడమనిషిని ఆ సీట్లో చూసి నవ్వే కొత్త డ్రైవర్లని ఒక్క చూపు చూస్తుంది, అంతే, ఇంక నవ్వరు.

ఇవాళ మాత్రం ఆమె బండెక్కాల్సింది కాదు. నిన్న చిలకలూరిపేట డాక్టరు మాబుకి ఈసీజీ తీసి, గుండె బాగాలేదు, ఆలస్యం చెయ్యకుండా గుంటూరు వెళ్ళి ఆస్పత్రిలో చేరమన్నాడు. మాబు తలూపాడు. మాబు తలూపాడంటే ఆ పని చెయ్యడని అర్థం. ఆ సంగతి ఆమెకు పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది. అందుకే పొద్దున్నే ఉతికిన చొక్కా తొడిగించి, తనూ మంచి చీర కట్టుకుని, షెడ్డుకి తాళం వేయబోతుంటే యలమందయ్య ట్రైలరు వచ్చి ఆగింది. మీద ఇంటంత రాయి.

"మాబన్నా, బ్రేకు తొక్కితే ఫ్యూజు ఎగిరిపోతంది. ఒకసారి నిలబడుద్ది, ఒకసారి పోద్ది. ఎనక లైటు లేకుండా ఇంత రాయేసుకుని ఎట్టా పోయేది? ఎవడన్నా వచ్చి గుద్దితే ఆడి గతేంగాను?"

"మేం గుంటూరు పోతన్నాం యలమందా. ఇంకెవరికన్నా చూపించుకో" అంది రహిమున్నీసా.

మాబు అప్పటికే చొక్కా గుండీలు విప్పుతున్నాడు. "మధ్యాన్నం ఇంకో బస్సుందిగా, దాంట్లో పోదాంలే."

"నీకు నొప్పిగా ఉంది."

"పొద్దుట్నించీ లేదే."

అబద్ధం. ఎడమచెయ్యి పిసుక్కుంటూనే చెప్పాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. యలమందయ్య మీద, ఆ రాయి మీద, ముందుగా ఈ మనిషి మీద. తను ఎక్కనంటే అతనేం ఆగడు. ఒక్కొక్క తొక్కుడికీ కిందనుంచి లేచి కేబినెక్కుతాడు, మళ్ళీ దూరతాడు. అంతకన్నా తనెక్కడమే నయం. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఎక్కింది.

న్యూట్రల్లో తొక్కితే ఫ్యూజు నిలబడింది. మూడు దెబ్బలు పడ్డాయి. ఇంజను ఆపే ఉంది, రివర్సు వేసింది. ఒక దెబ్బ. తొక్కగానే ఫ్యూజు పోయింది. గేరుబాక్సు దగ్గరే అనుకుంది రహిమున్నీసా, కోపంలో కూడా కాస్త సంతోషపడి. బ్రేకు లైటు వైరూ రివర్సు లైటు వైరూ ఒకే కట్టగా దాని మీదుగానే పోతాయి. రాతిపొడి పడి, అదురుకి రాసుకుని ఎక్కడో తొడుగు అరిగి రాగి బయటపడి ఉంటుంది. యలమందయ్య కొత్త ఫ్యూజు పెట్టి వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. కింద మాబు అరిగిన చోటు వెతికి టేపు చుడుతున్నాడు కాబోలు, చాలాసేపు దెబ్బ పడలేదు. తర్వాత ఒక దెబ్బ. తొక్కింది.

అద్దంలో యలమందయ్య చెయ్యి పైకెత్తాడు. వెలిగిందన్నమాట. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నం బస్సు అందుతుంది. అందకపోతే మెడ పట్టుకుని ఆటోలోనైనా లాక్కుపోవాలి.

ఖంగుమంది. ఒకటే.

రెండోది రాలేదు. ఒకటంటే తొక్కమని, కానీ కాలు అప్పటికే పెడలు మీదే ఉంది. మోతలో వినపడలేదేమో, మళ్ళీ కొడతాడులే అనుకుంది. కాలు అలాగే ఉంచింది. పిక్క లాగేస్తోంది. భయం వేసింది. కాలు తీస్తే ఆ భయమే నిజమైపోతుందని ఇంకా గట్టిగా తొక్కింది.

యలమందయ్య ముందుకు వచ్చాడు. "ఎలుగుతానే ఉంది వదినా, ఇంక వదులు."

"ఆయన రెండోది కొట్టలా."

అతను వంగి కిందికి చూశాడు. పిలిచాడు. లోపలికి దూరి, చాలాసేపటికి వచ్చాడు. ఆమె మొహంలోకి చూడలేదు.

"వదినా, దిగు."

"కొట్టనీ, దిగుతా."

యలమందయ్య మెట్టెక్కి, ఆమె మడమ రెండు చేతులతో పట్టుకుని పెడలు మీదనుంచి తీసి కింద పెట్టాడు.

రంపాలు ఆపి పనివాళ్ళంతా వచ్చారు. మాబుని బయటికి తీసి అతని చొక్కానే మొహం మీద కప్పారు. ఆ బండి నేను నడపనన్నాడు యలమందయ్య. రాయి మాత్రం పోర్టుకి చేరాలి గనక ఓనరు వేరే డ్రైవర్ని పంపాడు. మధ్యాహ్నానికల్లా ట్రైలరు రోడ్డెక్కింది, వెనక లైట్లు చక్కగా వెలుగుతూ. కింద గేరుబాక్సు పక్కన సగం చుట్టిన వైరుకి, ఎవరూ తెంపని నల్ల టేపు బిళ్ళ వేలాడుతూనే ఉంది.