నూట ఎనభై ఆరు మంది హార్క్‌వెల్‌లు

నాగమణి ఇంటిపేరు అరకవెల్లి. అదెక్కడి ఊరని ఎవరైనా అడిగితే, అరకు దగ్గరెక్కడో ఉందని వాళ్ల నాన్న అర్జునరావు చెప్పేవాడు. పోర్టులో క్రేను నడిపే అర్జునరావువి పిల్లికళ్లు. వాటి సంగతి మల్కాపురంలో అందరూ వెనకాల మాట్లాడుకునేవారే కాని, ఎదురుగా ఎవరూ అనేవారు కాదు.

1979 వేసవిలో, ద్వారకానగర్‌లో నాగమణి పనిచేసే టైపు ఇన్‌స్టిట్యూట్‌కి ఒక ముసలి ఇంగ్లీషు దొర వచ్చాడు. పేరు జార్జ్ హార్క్‌వెల్. స్కూలు మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. తన ఇంటిపేరు మీద పదకొండేళ్లు కష్టపడి పుస్తకం రాశాడు. ఉత్తర ఇంగ్లండులో ఒక పల్లె ఉందట. అక్కడి నూతిలో నీళ్ల చప్పుడు ఊరంతా వినిపించేదట. ఆ ఊరివాళ్లకి ఆ నుయ్యి పేరే ఇంటిపేరైంది. అక్కణ్నించి కెనడాకి, ఆస్ట్రేలియాకి, న్యూజిలాండ్‌కి వెళ్లినవాళ్లందరినీ ఉత్తరాలు రాసి వెతికి పట్టుకున్నాడు. ప్రపంచ పటం మీద ఒక్కో కుటుంబానికి ఒక్కో ఎర్ర చుక్క. మొత్తం నూట ఎనభై ఆరు.

దొర నాన్న ఎడ్విన్ హార్క్‌వెల్ ఈ హార్బరు తవ్వించిన ఇంజినీర్లలో ఒకడు. ఆయన తిరిగిన చోట్లు చూసుకుని, పుస్తకం ఇక్కడే టైపు చేయించి, కాపీలు తీయించి, నూట ఎనభై ఆరు ఇళ్లకీ ఇక్కణ్నించే పోస్టు చెయ్యాలని దొర కోరిక. ఆ డిసెంబరులో సొంతూరి చర్చిలో నాన్న పేరున పాలరాతి ఫలకం పెట్టడానికి చుట్టాలందరూ ఒప్పుకున్నారట.

నలభై ఒకటో పేజీ టైపు చేస్తూ నాగమణి ఆగిపోయింది. “1931లో పోతమ్మ అనే ఆయా మా నాన్నగారి వెండి గడియారం దొంగిలించింది. ఆమెకి ఆరు నెలలు జైలు పడింది. గడియారం మళ్లీ దొరకలేదు.”

నాగమణి నాయనమ్మ పేరు పోతమ్మ. ఒకప్పుడు దొరల బంగళాల్లో పనిచేసేదని ఇంట్లో అనుకోగా వింది.

సాయంత్రం ఇంటికెళ్లగానే అడిగేసింది. “మామ్మా, నువ్వు జైలుకెళ్లినావా?”

పోతమ్మ కోస్తున్న చేపని పక్కన పెట్టింది. “ఎవులు సెప్పినారే నీకు?”

“దొర పుస్తకంలో ఉంది. హార్క్‌వెల్ దొర.”

ఆ పేరు వినగానే ముసలిదాని దవడ బిగుసుకుంది. “ఎల్లినాను. ఆ దొర పెళ్లాం ఇంగిలీసు సీమ నుంచి వచ్చీసింది. మీ అయ్యకి అప్పటికి నాలుగు నెల్లు. బిడ్డనెత్తుకొని బంగళాకెల్లి, నీ బిడ్డే, ఈడికి దారి సూపించమన్నాను. మర్నాడు పోలీసోల్లొచ్చినారు. గడియారం తీసీసినానట! దాన్ని నాను ముట్టుకోనైనా లేదే అమ్మీ. నాను జైల్లో ఉంటే మీ అయ్య గంజి తాగి బతికినాడు. తిరిగొచ్చేసరికి ఊరోల్లందరూ, దొర పేరుకి నోరు తిరక్క, ఆడిని ‘అరకవెల్లు గుంటడు’ అని నవ్వుతన్నారు. ఇస్కూల్ మేస్టరు అదే ఇంటిపేరని రాసీసినాడు.”

నాగమణి ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మూడు రోజుల తర్వాత యాభై ఏడో పేజీ చేతికొచ్చింది. కుటుంబంలో దాచుకున్న వస్తువుల జాబితా అది. “1924లో తాతగారు ఇచ్చిన వెండి గడియారం. నాన్నగారు చనిపోయేదాకా ఇదొక్కటే వాడారు. ఇప్పుడు మా ఇంట్లో అద్దాల పెట్టెలో ఉంది.”

ఆమె రెండు పేజీలూ తీసుకెళ్లి దొర ముందు పెట్టింది. తన ఇంటిపేరు చెప్పింది, నాన్న కళ్ల సంగతి చెప్పింది. దొర ముఖం పాలిపోయింది. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“చాలా విచారకరం. యాభై ఏడో పేజీలో ఆ గడియారం మాట తీసెయ్యండి,” అన్నాడు ఇంగ్లీషులో.

“నలభై ఒకటో పేజీ?”

“అది కోర్టు తీర్పు. దాన్ని నేను మార్చలేను.”

“మా నాన్న?”

“ఈ పుస్తకంలోకి పెళ్లయిన దంపతులకి పుట్టినవాళ్లే వస్తారు. మీరు అర్థం చేసుకోవాలి.”

అర్థమైందని నాగమణి తలూపింది. ఆయన చెప్పినట్టే గడియారం మాట తీసేసి టైపు చేసింది. దొర తనకి కావలసిన కాపీలు తీసుకుని, పాత సమాధుల ఫొటోలు తీసుకోవడానికి వారం రోజులు భీమునిపట్నం వెళ్లాడు. కవర్లు అంటించి పోస్టు చేసే పని ఆమెకే అప్పజెప్పాడు.

ఆ వారంలో నాగమణి ఇంకో స్టెన్సిలు కొట్టింది. ఒకే ఒక్క పేజీ. మామ్మ చెప్పిన మాటలు, చెప్పినవి చెప్పినట్టు, ఇంగ్లీషులో. కింద దొర చేతిరాతలోని యాభై ఏడో పేజీ నుంచి గడియారం వాక్యాలు, ఆఖర్న మల్కాపురంలో తమ ఇంటి అడ్రసు. నూట ఎనభై ఆరు కాపీలు తీసి, స్టాంపు ప్యాడ్‌తో సహా ఇంటికి పట్టుకెళ్లింది.

అర్జునరావు భయపడ్డాడు. “ఇడిసిపెట్టీవే. ఎప్పటి మాటలో. నీ ఉద్యోగం పోతాది.”

“పోనీ నాన్నా.”

“నువ్వూరుకోరా,” అంది పోతమ్మ. “ఆ దినం జైల్లో నా యేలు పట్టుకొని బలవంతంగా ముద్ర ఏయించినారు. ఇప్పుడు నానే ఏత్తాను. ఇలా తే.”

మధ్యాహ్నం మొదలుపెట్టి చీకటి పడేదాకా ఒక్కో కాగితం మీదా బొటనవేలు నొక్కింది. మధ్యలో నాగమణి ఆగమన్నా ఆగలేదు. చివరికి వేలు వాచింది. మర్నాడు నాగమణి ఒక్కో పుస్తకంలో ఒక్కో కాగితం పెట్టి, కవర్లు అంటించి పోస్టు చేసింది.

చుట్టాల జవాబుల కోసం ఊళ్లోనే ఉండిపోయిన దొర, రెండు నెలలకి ఇన్‌స్టిట్యూట్‌లోకి ఊగిపోతూ వచ్చాడు. చేతిలో ఉత్తరాల కట్ట. ఆయన అక్క ఇక మాట్లాడనందట. కెనడావాళ్లు పుస్తకం చింపి తిప్పి పంపారు. చర్చి ఫలకం వద్దని బంధువులు తీర్మానించారు.

“నిన్ను నమ్మాను! నా పదకొండేళ్ల కష్టాన్ని నాశనం చేశావు!”

నాగమణి కుర్చీలోంచి లేవలేదు. “మా మామ్మది నలభై ఎనిమిదేళ్లు,” అంది.

యజమాని ఆ క్షణమే ఆమెని ఉద్యోగంలోంచి తీసేశాడు. ఇంటికొచ్చేసరికి పోతమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. విషయం విని ఒకటే అడిగింది.

“ఏడిసినాడా?”

“కళ్లు ఎర్రబడ్డాయి.”

“సాల్దు,” అంది పోతమ్మ.

వారం తర్వాత న్యూజిలాండ్ నుంచి ఒక హార్క్‌వెల్ ముసలావిడ రాసిన ఉత్తరం ఇంటికే వచ్చింది. అర్జునరావు ఫొటో కావాలని, అతన్ని తమ్ముడిగా తలుస్తానని అందులో ఉంది. నాగమణి చదివి వినిపించింది. జవాబు రాయొద్దంది పోతమ్మ. “ఆల్ల సుట్టరికం నాకెందుకు? తెలిసింది కదా, సాలు.”

అర్జునరావు మాత్రం పోతమ్మ వేలిముద్ర వేసిన ఆ పేజీని తెలుగులో రాయించుకుని మర్నాడు డ్యూటీకి పట్టుకెళ్లాడు. పోర్టు క్యాంటీన్‌లో, అందరూ టీ తాగుతుండగా, బల్ల పక్కన నిలబడి గట్టిగా చదివాడు. ఎవరూ నవ్వలేదు.

అది విని పోతమ్మ మొహం కడుక్కుంది, ఉతికిన చీర కట్టుకుంది. కర్ర పట్టుకుని వీధిలోకి దిగింది. వీధి చివర ఇంట్లో ఉండే మహాలక్ష్మమ్మ ఇన్నేళ్లుగా ఆమెని ‘గడియారం దొంగ’ అనే పిలుస్తోంది.

“మామ్మా, ఎక్కడికి?” అంది నాగమణి.

“నువ్వు కూడా రాయే. ఆ కాయితం పట్టుకో.”