తడి ఆరకముందే

"ఆ వంకాయలు బొమ్మకు కూసున్నయా, కూరకు వచ్చినయా?" అని విమలాదేవి వంటింటి గడపలోంచి అడిగింది. కోడలు సులోచన కుంచెను రంగులో ముంచింది. పళ్లెంలో పేర్చిన వంకాయల నీడ అప్పుడే కాగితం మీదికి దిగుతోంది. అత్తగారు వచ్చి పళ్లెం ఎత్తుకుపోయింది. బొమ్మ సగంలో ఆగింది. కూర అందరికీ సరిపోయింది.

ఛత్రినాకలోని ఆ ఇంట్లో ఇది కొత్త కాదు. నీటిరంగు మనిషి కోసం ఆగదు. తడి ఆరేలోపే పూత పూర్తి చేయాలి. మధ్యలో లేచిపోతే, వదిలిన చోట అంచు ఎండి గీత కడుతుంది. తర్వాత ఎంత కడిగినా పోదు. సులోచన వేసిన ప్రతి బొమ్మలోనూ అలాంటి గీత ఉంది. డాబా మీది కుండీలు వేస్తే, మందారం వెనక ఆకాశంలో పడింది. దానిమ్మపండు వేస్తే దాని బుగ్గ మీద పడింది. చూసినవాళ్లకు అది మరక. ఆమెకు మాత్రం ఎవరు ఎందుకు పిలిచారో గుర్తు. లుంగీ కనిపించలేదని పిలిచారు, రిమోట్ సోఫా కిందికి పోయిందని పిలిచారు. ఆ సోఫా మీద కూర్చున్న మనిషే పిలిచాడు, వంగితే దొరికేదానికి. ఒక్క ఆకాశమైనా గీత లేకుండా వేయాలని ఆమె కోరిక. దేవుణ్ణి అడగాల్సినంత పెద్దది కాదు. ఇంట్లోవాళ్లు కాసేపు ఊరుకుంటే తీరేది.

భర్త రంగనాథ్ ఆ బొమ్మలను ఏనాడూ తేరిపార చూడలేదు. "ఖాళీగ కూసున్నదానికి గిదొక షోకు" అని చుట్టాల ముందు నవ్వేవాడు. అలాంటివాడు, తన ఆఫీసరు భార్య మైథిలికి నీటిరంగులంటే ఇష్టమని తెలియగానే, వాళ్ల కొత్తింటి గోడకు ఒక బొమ్మ ఇస్తామని మాటిచ్చి వచ్చాడు. ఆదివారం ఆవిడను డాబా మీదికి తీసుకొచ్చాడు. భార్య చేత బొమ్మలు వేయించడం తన ఆలోచనేనన్నాడు. "మేడం ముంగట ఒకటి వేసి చూపియ్" అన్నాడు.

సులోచన కాగితమంతా తడిపి నీలం వదిలింది. మైథిలి పాత బొమ్మలు తిరగేస్తూ, ఈ గీతలేమిటని అడిగింది. కాగితం నాసిరకం మేడం, బేగంబజార్‌లో కొన్నది, అన్నాడు రంగనాథ్.

"కాయితం మంచిదే మేడం," అంది సులోచన, కుంచె ఆపకుండా. "ఆ మందారం ఎనక గీత ఈయన లుంగీ. దానిమ్మ మీదిది మా అత్తమ్మ కళ్లజోడు. అది ఆమె నెత్తి మీదనే ఉండె."

మైథిలి నవ్వలేదు. ఆ బొమ్మను మళ్లీ చూసింది. రంగనాథ్ ముఖం మాడింది. ఆడదాని నోరు మూయించడానికి ఆ ఇంట్లో వాడుకలో ఉన్న మాట ఒక్కటే.

"ముచ్చట్లు చాలు. లేచి మేడంకు చాయ్ పెట్టు."

నీలం సగం కాగితం దాకా దిగింది. తనకేమీ వద్దంది మైథిలి. రంగనాథ్ వినలేదు. మళ్లీ అన్నాడు, ఈసారి పేరు పెట్టి. సులోచన కుంచెను నీళ్లలో ముంచి, తడి అంచును అందుకుని కిందికి లాగింది.

"చాయ్‌పత్తి డబ్బ రెండో అరల ఉన్నది. మీరు పెట్టుకొని రాండ్రి. నా కాయితం ఇంకా తడిగున్నది."