ఒక సైజు పెద్దది

వేరే దేశం నుంచి బిడ్డను దత్తత తెచ్చుకుందామని దరఖాస్తు పెట్టిన నాటికి మా చేతిలో ఉన్నవి ఇవి: కింద పిల్లల బట్టల దుకాణం, పైన మూడు గదుల ఇల్లు, నడవగలిగీ నడవని ఒక అత్తగారు, వ్యాపారం తనదేనని నమ్మే ఒక భర్త, ఆ వ్యాపారం చేసే నేను. పొత్తిళ్ల గుడ్డల నుంచి బడి యూనిఫారం దాకా పిల్లలకు కావలసిన సరుకంతా ఉంది. పిల్లలే లేరు.

సరుకు రాకపోతే తిట్టుకుంటూ కూర్చునే రకం కాదు నేను. ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అని కూపీ లాగుతాను. దత్తత సంస్థలో మా ఫైలు చూసే అధికారిణి మొదటి రోజే చెప్పింది, "రెండేళ్లు పట్టొచ్చు, అయిదేళ్లూ పట్టొచ్చండీ. అంతా అవతలి దేశం వాళ్ల చేతిలో ఉంటుంది." ఈలోగా మేమేం చేయాలని అడిగితే, "వెయిట్ చేయడమే" అంది.

వెయిట్ చేయడమంటే ఊరికే కూర్చోవడం అనుకున్నాను. అది కూడా ఒక పనేనని, ఆ పని కూడా నా నెత్తినే పడుతుందని తర్వాత తెలిసింది. డాక్టరిచ్చిన పత్రానికి గడువు, పోలీసులిచ్చిన పత్రానికి గడువు, ఇల్లు చూసి అధికారిణి రాసిన నివేదికకూ గడువు. ఒకటి కొత్తది తెచ్చేసరికి ఇంకోటి పాతబడేది, ఫ్రిజ్‌లో మరిచిపోయిన పాలలాగా. ఆ వరసల్లో నిలబడింది నేను. గుమాస్తాల భోజన విరామాలు ఎప్పుడెప్పుడో కంఠతా పట్టింది నేను. మా ఆయన సంతకం పెట్టేవారు. "దీనికి కూడా అలసిపోతావా? నేనూ వెయిట్ చేస్తూనే ఉన్నాగా!" అనేవారు, సోఫాలో కాళ్లు చాపుకుని. అత్తగారు ఊరుకుంటారా! "నేను వీణ్ణి తొమ్మిది నెలలు మోశానమ్మాయ్. నువ్వు మోసేది ఫైలేగా" అనేవారు. "మీది తొమ్మిది నెలలకి దిగింది అత్తయ్యా, ఇది దిగడం లేదు" అనేదాన్ని.

ఇల్లు చూడటానికి అధికారిణి వచ్చినప్పుడల్లా కర్టెన్లు ఉతికేదాన్ని, బల్లల కింద తుడిచేదాన్ని. ఆవిడ ప్రతిసారీ అదే అడిగేది, "పాప వస్తే ఎవరు చూసుకుంటారు?" మా ఆయన ప్రతిసారీ అదే చెప్పేవారు, "మా ఆవిడ ఉందిగా. షాపు నేను చూసుకుంటా." మేజోళ్లు ఏ అరలో ఉంటాయో కూడా తెలియని మనిషి! నాలుక చివరిదాకా వచ్చిన మాటను టీ కప్పుల వంకతో వంటింట్లోకి తీసుకుపోయేదాన్ని.

వీటన్నిటి మధ్యా నాకు మిగిలింది కుతూహలం ఒక్కటే. దాంట్లో ఎవరూ వాటాకు రాలేదు. కొలత టేపు మెళ్లో వేసుకుని కౌంటరు వెనక కూర్చుని ఆలోచించేదాన్ని. పాప పుట్టిందా, ఇంకా పుట్టాలా? నిద్రలో ఏ పక్కకు తిరుగుతుంది? కోపం వస్తే అరుస్తుందా, అలుగుతుందా? ఏ భాషలో కలలు కంటుంది? దరఖాస్తు పెట్టిన వారంలోనే రెండేళ్ల పిల్లకు సరిపడే ఒక జత తీసి కౌంటరు వెనక పై అరలో పెట్టాను, గౌనూ టోపీ మేజోళ్లూ. అది అమ్మకానికి కాదు. మరుసటి ఏడాది బడులు తెరిచే ముందు కొత్త సరుకు దిగినప్పుడు ఆ జతను అమ్మకానికి దించి, ఒక సైజు పెద్దది పైన పెట్టాను. మా వ్యాపారంలో చెయ్యి దానంతట అదే చేసే పని అది. నిరుడు వచ్చిన పిల్ల ఈ ఏడు వస్తే ఏ సైజు తీయాలో అడగకుండానే తీస్తాం. అలా ఏడాదికోసారి మారుస్తూ పోయాను.

నాలుగో ఏడు దాటాక అధికారిణి ఏవో పత్రాల కోసం దుకాణానికే వచ్చింది. ఆవిడ కళ్లు పై అర మీద పడ్డాయి.

"అవెవరివండీ?"

"మా పాపవి."

ఆవిడ గౌను దించి చేతుల్లో చాపి చూసింది. "ఇది ఆరేళ్ల పిల్లది కదా! మీ దరఖాస్తులో రెండేళ్ల లోపు పాప అనే ఉంది, ఇప్పటికీ."

గౌను వైపు చూశాను. నిజమే. ఇంట్లో అందరూ పొత్తిళ్లలో బిడ్డ కోసం ఎదురుచూస్తున్నారు. నా పిల్ల మాత్రం పై అరలో పెరిగి, పళ్లు ఊడి, బడికి వెళ్లే ఈడుకు వచ్చేసింది. నేను గమనించనే లేదు.

"ఆరేళ్ల పిల్లల కోసం ఎంతమంది వరసలో ఉన్నారండీ?" అని అడిగాను.

"ఆ వరస చాలా చిన్నదండీ. అక్కడ ఎదురుచూసేది పిల్లలే."

ఒకవైపు మేము, ఒకవైపు వాళ్లు. ఎవరి వరసలో వాళ్లు, వీపులు తిప్పుకుని నిలబడ్డట్టు! ఇది నాలుగేళ్లుగా నా బుర్రకు ఎందుకు తట్టలేదో నాకే ఆశ్చర్యమేసింది. తప్పుడు సైజు అడుగుతూ సరుకు రావడం లేదని గొణిగే కొనుగోలుదారులను రోజూ చూస్తూ ఉంటాను మరి.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర విషయం బయటపెట్టాను. అత్తగారు చెంచా కింద పెట్టేశారు. "అంత పెద్దపిల్ల నిన్ను అమ్మా అంటుందా?"

"నన్ను ఇరవై మూడేళ్లకి తెచ్చుకున్నారు అత్తయ్యా. పెళ్లి రోజు పొద్దున దాకా మీరెవరో నాకు తెలీదు. అలవాటు చేసుకున్నామా లేదా? ఆరేళ్లు ఓ లెక్కా?"

మా ఆయనకు నవ్వు ఆగలేదు. తల్లి మొహం చూసి దగ్గులోకి మార్చుకున్నారు. "అది కాదు, పెద్దపిల్లలకి అన్నీ తెలిసిపోయుంటాయి" అన్నారు.

"తెలియడం తప్పా?"

"తప్పని కాదు..."

"చిన్నపాపే కావాలంటే ఉందాం. ఎన్నేళ్లయినా ఉందాం. కానీ ఇకమీద పత్రాలకి మీరు తిరగండి. వచ్చే వారం డాక్టరు పత్రం, ఆ పై వారం పోలీసు పత్రం."

ఆయన మర్నాడు పొద్దున్నే దరఖాస్తులో వయసు మార్చే కాగితం మీద సంతకం పెట్టారు.

కొన్ని నెలలకే ఒక ఆరేళ్ల పిల్ల ఫోటో వచ్చింది. తర్వాత కంప్యూటరులో మాట్లాడే రోజు వచ్చింది. అధికారిణి మా ముందుగదిలో కూర్చుంది. అత్తగారు ఎవరి సాయమూ లేకుండా నడిచొచ్చి మధ్య కుర్చీ ఆక్రమించారు. తెరమీద ఆ పిల్ల. కాళ్లు నేలకు అందడం లేదు, కళ్లు మాత్రం మమ్మల్ని ఒక్కొక్కరినీ కొలుస్తున్నాయి. పక్కన మాటలు మార్చి చెప్పే ఒకావిడ. ముందు పిల్లనే అడగనివ్వడం వాళ్ల పద్ధతట.

"మీ ఇంట్లో తనేం పని చేయాలని అడుగుతోందండీ" అంది ఆవిడ.

అత్తగారు మురిసిపోయారు. "చూశావా, బుద్ధిమంతురాలు!"

నేను ఆవిడ మాటకు అడ్డం వెళ్లాను. "ఏ పనీ చేయక్కర్లేదని చెప్పండి. తినడం, చదువుకోవడం, ఆడుకోవడం, అంతే."

పిల్ల విని, నొసలు ముడిచి, మళ్లీ ఏదో అంది.

"అయితే పనంతా ఎవరు చేస్తారని అడుగుతోంది."

గదిలో తలలన్నీ నా వైపు తిరిగాయి, అధికారిణిది కూడా. ఏ బేరానికైనా జవాబు సిద్ధంగా ఉంచుకునేదాన్ని, ఆ రోజు మాత్రం బేరం ఆయనకు వదిలేశాను. "ఏవండీ, మీరు చెప్పండి" అన్నాను.

మా ఆయన చొక్కా కాలరు సర్దుకున్నారు. "అందరం... అందరం చేస్తామని చెప్పండి."

పిల్ల తెరకు ఇంకాస్త దగ్గరగా జరిగింది. ఈసారి ఆయన్నే చూస్తూ అడిగింది.

"మీరేం చేస్తారట?" అంది మాటలు మార్చే ఆవిడ.

ఆయన నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. ఆయన తెర వైపు తిరిగి, "గిన్నెలు" అన్నారు.

అధికారిణి అది రాసుకుంది.

ఆ సాయంత్రం ఆయన గిన్నెలు కడిగారు. కొన్నింటికి జిడ్డు పోలేదు. నేను వెళ్లి మళ్లీ కడగలేదు.

నాలుగేళ్ల పైచిలుకు పెట్టుబడి పెట్టాను ఈ పనికి. పిల్ల ఇంకా రాలేదు, ప్రయాణపు పత్రాలకు ఇంకో వరస ఉందట. లాభం మాత్రం ముందే చేరింది: ఈ ఇంట్లో ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ అడగని ప్రశ్నను, కాలు పెట్టకముందే అడిగిన కూతురు.