మచ్చు సీసా

ముక్కు మామ మచ్చు సీసా మూత మళ్ళీ తీశాడు. పొద్దుటినుంచి ఇది ఐదోసారి. అందులో ఏనాడో చెడిపోయిన అవిసె నూనె ఉంది. మామూలుగా దాని వాసన పాత రంగుడబ్బాను తలపిస్తుంది. కంటి ఆస్పత్రి వెనక గదిలో ఆయన పని రోజూ దానితోనే మొదలవుతుంది. ముందు చెడ్డ నూనె, తర్వాత కొత్త నూనె. తేడా తెలిస్తేనే కొత్తది చుక్కల మందులోకి వెళుతుంది.

కార్నియా వాచిన కళ్ళకు ఆ మందు పనిచేస్తుందేమోనని అక్కడ పరీక్షిస్తున్నారు. నూనెలోని బహుళ అసంతృప్త కొవ్వు ఆమ్లాలు వాపును అణుస్తాయని డాక్టరమ్మ ఆశ. అయితే వాటికి కుదురు లేదు, కాస్త గాలీ వెలుగూ తగిలితే చెడిపోయి కంటినే మండిస్తాయి. అందుకే కిటికీలకు నల్ల తెరలు, సీసాలకు నల్ల కాగితం. ల్యాబు ఫలితం వారానికోసారి వస్తుంది. ఈలోపు కాపలా ఆయన ముక్కే. క్యాంటీన్‌వాళ్ళు కూడా పాలు విరుగుతాయేమోనని ఆయన్నే పిలిచి అడుగుతారు.

ఆ ముక్కు మూడు రోజులుగా పలకడం లేదు. జలుబు పోయింది, వాసన తిరిగి రాలేదు. రెండు సీసాలూ ఒకేలా, మంచినీళ్ళలా ఉన్నాయి. రేపటికి వస్తుందిలే అనుకుంటూ మూడు రోజులూ పుస్తకంలో 'బాగుంది' అని రాసి సంతకం పెట్టాడు. ఇవాళ పొద్దున బీరువా తీసి, పోయిన భార్య చీరలో మొహం దాచుకున్నాడు. నూలు మెత్తదనం తెలిసింది. అంతే.

కూర్చోలేకపోయాడు. తుడిచిన బల్లనే తుడిచాడు. సీసాల వరుస మార్చి, మళ్ళీ మొదటి వరుసకే తెచ్చాడు.

పదకొండింటికి చుక్కల ట్రేతో వరండాలోకి వెళ్ళేసరికి దర్జీ ఆవిడ కుడి కన్ను రుమాలుతో అదుముకుని కూర్చుంది. కిందటివారం ఆవిడే సూదిలో దారం ఎక్కించి చూపించి, ఇక నీ గుండీలు నా పూచీ అని నవ్వింది.

"మొన్నటిదాకా చల్లగా ఉండేది బాబాయ్. నిన్నట్నుంచి ఒకటే మంట. నేనే నలుపుకుంటున్నానంటుంది నర్సమ్మ."

"నీ తప్పు కాదు తల్లీ. ఇవాళ వేయించుకోకు."

ట్రేతోనే డాక్టరమ్మ గదికి నడిచాడు. దారిలో కూర్చుకున్న మాటలన్నీ గుమ్మం దగ్గరే జారిపోయాయి.

"మూడు రోజులుగా నాకు వాసన తెలీట్లేదమ్మా. తెలిసినట్టు రాశాను."

ఆవిడ ఒక సీసా మూత తీసి, వెంటనే మొహం తిప్పేసుకుంది. తిట్టలేదు. చుక్కలు ఆపించి, ఆ నూనె వాడిన నలుగురినీ పిలిపించింది. దర్జీ ఆవిడ కన్ను కడిగించి, దీపం పెట్టి చాలాసేపు చూసింది. పైపొర కందింది గానీ మచ్చ పడలేదనీ, వారంలో సర్దుకుంటుందనీ చెప్పింది. జరిగింది విన్న దర్జీ ఆవిడ రుమాలు మడిచి నడుముకు దోపుకుంది. వెళ్తూ వెళ్తూ ఆయన చొక్కా వంక చూసింది.

"ఆ గుండీ వేలాడుతోంది బాబాయ్. పీకెయ్యకు. వారం ఆగు."

కొన్నాళ్ళు సెలవు పెట్టమంది డాక్టరమ్మ. ముక్కు లేకుండా ఆ గదిలో తానెందుకని, ఆయన సెలవు చీటీ మీదే రాజీనామా రాసిచ్చాడు. గదికి వచ్చి తాళంచెవి మేకుకు తగిలించాడు. చివరిసారిగా మచ్చు సీసా మూత తీసి, కళ్ళు మూసుకుని, గుండెల నిండా పీల్చాడు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆ తలుపు తీసిన నర్సు గుమ్మంలోనే ముక్కు మూసుకుంది. గదంతా పాత రంగుడబ్బా వాసన. బల్ల మీద మచ్చు సీసా, దాని పక్కనే బోర్లా పెట్టిన మూత.