నాన్న పోలిక

అయినా ముక్కుకూ జబ్బుకూ ఏమిటి సంబంధం, అనుకుంది ఆమె రోడ్డు దాటుతూ, ఇంత చిన్న ప్రశ్న ఇన్నేళ్ళూ ఇంట్లో ఒక్కరికీ ఎందుకు తట్టలేదు, ముక్కు నాన్నది, నుదురు నాన్నది, ఎడమచేతి వాటం నాన్నది, నడిచేటప్పుడు ఒక భుజం కాస్త దించి నడవడం కూడా నాన్నదే, కాబట్టి నాన్నను నిలువునా తినేసిన జబ్బు కూడా తనదేనని మేనత్త తేల్చేసింది, ఆవిడ ఒకసారి తేల్చాక ఇక దానికి తిరుగు లేదు, పిల్ల అచ్చు గుద్దినట్టు మా తమ్ముడే, పాపం, పిల్లాడు మాత్రం తల్లి పోలిక, బతికిపోయాడు, అని అందరి ముందూ అనేసి, ఇద్దరికీ చెరో గది పంచినట్టు ఒకరికి జబ్బునూ ఒకరికి ఆరోగ్యాన్నీ పంచేసి, నింపాదిగా కాఫీ తాగింది, అప్పటికి తను ఇంకా బళ్ళో చదువుతోంది, తమ్ముడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా సరిగ్గా రాదు, అమ్మా, కాస్త చూసుకుని నడవండి, అని స్కూటరు మీద పోతున్నవాడెవరో విసుక్కున్నాడు, చూసుకునే నడుస్తోంది, ఇకమీదట చాలా ఏళ్ళు చూసుకుని నడవాలి, ముసలితనం దాకా నడవాలి, ఆ మాట అనుకోగానే పెదవులు వాటంతట అవే విచ్చుకున్నాయి, నడిరోడ్డు మీద తనలో తను నవ్వుకుంటున్న ఆడమనిషి, ఛీ, అనుకుని గబుక్కున చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

నవ్వు ఎందుకొచ్చిందో తెలుసు, అందుకే సిగ్గు, డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి, కళ్ళజోడు సవరించుకుని, మీకు లేదండీ, మీ నాన్నగారి జబ్బు మీకు రాలేదు, ఇక రాదు కూడా, అన్నప్పుడూ ఇలాగే నవ్వింది, ఆవిడ ఇంకెవరి సంగతో చెబుతోందేమోనని మళ్ళీ అడిగి మరీ నవ్వింది, పోలికలన్నీ నాన్నవే కదండీ మరి, అంది వెర్రిదానిలా, పోలికలు వేరండీ, ఇది వేరు, నాన్న ముఖం వచ్చిందని జబ్బూ రావాలని లేదు, అమ్మ ముఖం వచ్చిందని రాకుండానూ పోదు, ప్రతి బిడ్డకూ విడిగా నాణెం ఎగరేసినట్టు, ఒకరికి బొమ్మ పడింది కాబట్టి రెండోవాళ్ళకు బొరుసే పడాలనీ లేదు, ఇద్దరికీ రావచ్చు, ఇద్దరికీ రాకపోవచ్చు, ఇంతకూ మీకు తోడబుట్టినవాళ్ళు ఉన్నారా, ఉన్నాడండీ, ఒక్క తమ్ముడు, అతనిలో ఏమైనా తేడా కనిపిస్తోందా, ఆ ప్రశ్నకు తను తడుముకోకుండా, బట్టీపట్టిన పాఠంలా, అబ్బే లేదండీ, వాడు అమ్మ పోలిక, అంది, అంతసేపూ ఆవిడ విడమరిచి చెప్పింది ఎవరికో, ఆవిడ పెన్ను కింద పెట్టి తన వంక అదోలా చూసింది, ఆ చూపు పడ్డాక గానీ తనకు తమ్ముడి కాలివేళ్ళు గుర్తుకు రాలేదు.

కాలివేళ్ళు, నాన్నకూ అక్కడే మొదలైంది, నాన్న అద్దాల దుకాణం మనిషి, కిటికీలకూ ఫొటోలకూ బల్లలకూ కొలత పెట్టి అద్దాలు కోసేవాడు, నిలబడి గీత గీస్తుంటే చెప్పుల్లో వేళ్ళు వాటిపాటికి అవి ఆడేవి, తనూ తమ్ముడూ బల్ల కిందికి దూరి చూసి కిసుక్కున నవ్వుకునేవాళ్ళు, తర్వాత అది చేతుల్లోకి వచ్చింది, గీత పక్కకు పోయింది, అద్దాలు పగిలాయి, నడక తూలింది, తాగుతున్నాడు అన్నారు జనం, నాన్న కాదనలేదు, కాదనకపోగా చొక్కా మీద నాలుగు చుక్కలు సారా చల్లుకుని మరీ బజారుకెళ్ళేవాడు, ఏమిటండీ ఈ పని అని అమ్మ ముక్కు మూసుకుని అడిగితే, తాగుబోతు పిల్లలంటే నలుగురూ జాలిపడతారే, రోగిష్టి వంశం పిల్లలంటే గడప తొక్కనివ్వరు, అన్నాడు, నాన్నమ్మదీ అదే తూలుడట, ఆవిడకు మతి చలించిందన్నారట, ఒక్కో తరానికి ఒక్కో అబద్ధం, నాన్న పోయాక ఇంట్లో ఎవరి చేతిలోంచి ఏది జారినా, చెంచా గానీ గరిటె గానీ, మాటలు ఠక్కున ఆగిపోయేవి, పడేసింది ఎవరైనా సరే చూపులన్నీ తన చేతి మీదికే వచ్చేవి, తమ్ముడు పళ్ళెం పగలగొడితే మాత్రం వీపు విమానం మోత మోగేది, వాడిది పెంకితనం, తనది జబ్బు, ఒకటి రెండుసార్లు, చెప్పుకుంటే పరువు పోతుంది, తిట్లు తప్పించుకోవడానికి తనే కావాలని గ్లాసు జారవిడిచింది, తిట్లు నిజంగానే తప్పాయి, అమ్మ దగ్గరికి తీసుకుని తల నిమిరింది.

దుకాణం మెట్లెక్కేసరికి తమ్ముడు పెద్ద అద్దాన్ని బల్ల మీద పరిచి, కొలబద్ద ఆనించి, వంగి ఉన్నాడు, వచ్చావా అక్కా, ఎండ బాగా ఉందా, అన్నాడు తల ఎత్తకుండా, వాడెప్పుడూ అంతే, తన ముఖంలోకి చూసి మాట్లాడడు, గోడతోనో చేతిలో పనితోనో మాట్లాడతాడు, అందరితో గలగలమనే మనిషి తన దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేస్తాడు, నీ తమ్ముడికి నువ్వంటే భయం అని మరదలు ఎగతాళి చేస్తుంది, భయం కాదు జాలి, ఆ జాలంటే తనకు ఒళ్ళుమంట, అద్దం కోసే కలం తనకు ఎవరూ అందనివ్వలేదు, నీ చేతులకెందుకమ్మా గాజుతో పని, అని ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టారు, వచ్చినవాళ్ళకు ఫ్రేముల రంగులు చూపించడం తన వంతు, కోత తమ్ముడి వంతు, వాడి చేతులు భద్రం కదా, అమ్మ చేతులు కదా, ఇదీ తమ ఇంటి తెలివి, ఏ జబ్బూ లేని చేతులను ఒళ్ళో పెట్టుకుని కూర్చోమని, వణకబోయే చేతులకు గాజు ఇచ్చారు, వణకబోయే, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందని ఉలిక్కిపడి చూస్తే వాడి చెప్పులు, చెప్పుల్లో వేళ్ళు, ఆడుతున్నాయి, కొత్తగా కాదు, వానాకాలం నుంచీ చూస్తూనే ఉంది, కొత్త చెప్పులు కరుస్తున్నాయేమో అనుకుంది, ఆ చెప్పులు పాతబడిపోయాయి కూడా, చీమలేమో అనుకుంది, గీత గీసేటప్పుడు వాడు మణికట్టును రెండో చేత్తో అదిమి పట్టుకోవడమూ చూసింది, చూసి, వెనక్కి తిరిగి ఫ్రేముల దుమ్ము దులుపుకుంది.

ఏమన్నారక్కా, అని చివరికి అద్దాన్నే అడిగినట్టు అడిగాడు, చెప్పాలి, రెండే మాటలు, నాకు లేదురా, అంతే, కానీ ఆ రెండు మాటల వెనకే ఇంకో మాట ఉంది, పోలికకూ దానికీ సంబంధం లేదట అని, అది విన్నాక వాడు తన కాళ్ళ వంక చూసుకుంటాడు, కళ్ళు నిండాయి, ఆ నీళ్ళు వాడి కోసం వచ్చినవి, నిజంగా వాడి కోసమే, కానీ వాడికెలా తెలుస్తుంది, కలం పక్కన పడేసి, స్టూలు లాగి తనను కూర్చోబెట్టి, ఫ్లాస్కులోంచి టీ పోసి చేతిలో పెట్టాడు, ఊరుకో అక్కా, మనకు తెలిసిందే కదా, కొత్తగా ఏమొచ్చిందని, నేనున్నానుగా, నీ మరదలితో కూడా మాట్లాడి ఉంచాను, కింద గది నీకు ఖాళీ చేస్తాం, మెట్లెక్కే పనుండదు, పాప అత్త దగ్గరే పడుకుంటానంటోంది, నువ్వు దేనికీ బెంగ పెట్టుకోకు, అని వాడు చెప్పుకుపోతుంటే తను ఏం చేసింది, ఆగరా అందా, అది కాదురా అందా, సరేలే, అంది, చక్కెర సరిపోయిందా అంటే సరిపోయింది అంది, ఒంట్లో ఏ జబ్బూ లేని మనిషి, జబ్బు మొదలైనవాడి చేత ఓదార్పించుకుంటూ వాడు పోసిన టీ తాగుతోంది, ఇంతకన్నా తలవంపులు ఏముంటాయి.

ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి, జబ్బు రాబోయే మనిషిగా బతకడం ఒక్కటే తనకు చేతనైన పని, పొద్దెక్కి లేస్తే ఎవరూ ఏమీ అనరు, కోపం వచ్చి మాట విసిరితే పోనీలే పాపం అంటారు, ఇంట్లో ఏ చాకిరీ నెత్తిన పడదు, ఆ డ్రాయింగు మాస్టారు బొమ్మలకు అద్దాలు కట్టించుకునే వంకతో అన్నిసార్లు వచ్చి, ఒకరోజు బొమ్మ తేవడం మరిచిపోయి ఉత్త చేతులతో నిలబడి, మనం పెళ్ళి చేసుకుందామా అని అడిగితే, వద్దండీ, నాతో మీ బతుకు పాడవుతుంది, అని ఎంత హుందాగా అంది, ఆ హుందాతనాన్ని తలచుకుని ఎన్నేళ్ళు గర్వపడింది, ఇప్పుడు చూస్తే మేనత్త కాఫీ తాగుతూ అన్న మాటను నమ్మి పంపేసింది ఆయన్ని, ఇంకే కారణమూ లేదు, ఎవరిని తిట్టాలి, అందరూ పోయారు, అది సరే, అవన్నీ పాత సంగతులు, ఇవాళ ఆస్పత్రి మెట్లు దిగుతూ అనుకున్నదేమిటి, వాడికైతే పెళ్ళయింది, పాప పుట్టింది, వాడు చూడాల్సింది చూశాడు, నాకే ఇంకా ఏమీ కాలేదు, అనుకోలేదూ, అనుకుంది, ఇంటికొకటే జబ్బు అన్నట్టు, అది ఇప్పటికి సరైన చిరునామాకు చేరిందన్నట్టు అనుకుంది, చిన్నప్పుడు గుండీలు పెట్టిన చేతులతో, సొంత తమ్ముడి మీదికి దాన్ని తోసేసి ఊపిరి పీల్చుకుంది, పాపకు కూడా తన ముక్కే వచ్చింది, మొన్న పాప చేతిలోంచి చెంచా జారితే మరదలి ముఖం పాలిపోయింది, తనూ ఆ చిన్న చేతి వంకే చూసింది, ఆ లెక్క ఆ పిల్ల మీద అప్పుడే మొదలైపోయింది, తను ఇప్పుడు నోరు మూసుకుంటే అది అలాగే నడుస్తుంది, తమ్ముడు అద్దాలు కోస్తూ ఏదో ఒక రోజు చెయ్యి కోసుకుంటాడు, అయినా టీ గ్లాసునే చేతుల్లో తిప్పుతూ కూర్చుంది.

అక్కా, ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోవుగా, అంటున్నాడు వాడు, గుడ్డ తీసుకుని తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తూ, చిన్నప్పుడు నేను తలుపు వేసుకుని అద్దంలో ముఖం చూసుకునేవాణ్ణి, నా ముక్కు అమ్మదేనా, గడ్డం అమ్మదేనా అని, అమ్మదే అని తేలేదాకా చూసి, హమ్మయ్య అనుకునేవాణ్ణి, తలుపు తీస్తే ఎదురుగా నువ్వు ఉండేదానివి, జడ అల్లుకుంటూనో, నా పుస్తకాలకు అట్టలు వేస్తూనో, నా బదులు అక్కకు వచ్చింది కదా, నేను హమ్మయ్య అనుకున్నాను కదా అని, ఇక నీ ముఖం చూడలేకపోయేవాణ్ణి, ఇప్పటికీ అంతే, ఇవాళ నువ్వు ఒక్కదానివే ఆస్పత్రికి వెళ్ళావు, నేను రావాల్సింది, రాలేకపోయాను, ఏమీ అనుకోకక్కా, అని గుడ్డ మడతపెట్టాడు, తను టీ గ్లాసులోకే చూస్తోంది, వాడి ముఖంలోకి చూడలేకపోతోంది, ఇన్నేళ్ళూ వాడిదీ ఇదేనా, జాలి అనుకుంది, ఒళ్ళుమంటగా ఉండేది, జాలి కాదు, సిగ్గు, పొద్దుటి నుంచి తనను పీక్కుతింటున్న ఈ సిగ్గునే ఆ పసివాడు పెంచుకుని, పెద్దవాడై, పెళ్ళి చేసుకుని, బిడ్డను ఎత్తుకుని, ఒక్క రోజూ దించకుండా మోశాడు, ఒక్క పూటకే తను కుదేలైపోయింది.

నాకు లేదురా, అంది, గొంతు ఎవరిదోలా వినిపించింది, వాడు తల ఎత్తాడు, ఏమిటి, అన్నాడు, నాకు లేదన్నారురా, రాదట, నిజంగానా, అన్నాడు, ఒట్టు, అంది, వాడు వచ్చి తన రెండు భుజాలూ పట్టుకుని ఊపేశాడు, టీ ఒలికింది, పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు, ఎన్నేళ్ళకో తన కళ్ళల్లోకి సూటిగా చూశాడు, ఆ సంతోషంలో లెక్కా పత్రం ఏమీ లేదు, ఆస్పత్రి నుంచి ఇక్కడిదాకా వచ్చిన దారిలో ఎక్కడా తను అంత శుభ్రంగా సంతోషించలేకపోయింది, పిచ్చిదానా, ఇంతసేపూ ఎందుకు చెప్పలేదే, అంటున్నాడు, చెప్తానురా, ఇది కూడా విను, పోలికలకూ దానికీ ఏ సంబంధమూ లేదట, అంది, వాడు ఓహో అన్నాడు, నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది గానీ చేతులు తన భుజాల మీద నుంచి నెమ్మదిగా జారాయి, ఒక చెయ్యి వెళ్ళి రెండో మణికట్టును పట్టుకుంది, అలా అయితే నేనూ ఒకసారి వెళ్ళి చూపించుకోవాలేమో కదక్కా, అన్నాడు, వాడికీ తెలుసు, వానాకాలం నుంచీ వాడికీ తెలుసు, అమ్మ పోలికను పట్టుకుని వేలాడుతున్నాడు, తన చూపు మళ్ళీ టీ గ్లాసు వైపు దిగబోయింది, దిగబోతుంటే ఆపుకుంది, ఎందుకంటే అప్పుడు అర్థమైంది, వాడు ఇంత ప్రేమగా పక్కనే ఉన్నా ఇన్నేళ్ళూ తను ఒంటరిగా ఎందుకు బతికిందో, సిగ్గుతో తల వంచుకున్న మనిషి పక్కన ఉన్నా లేనట్టే, వాడికి ఇక తన సిగ్గు అక్కర్లేదు, తన ముఖం కావాలి, అని వాడి కళ్ళల్లోకే చూస్తూ, రేపు ఇద్దరం కలిసే వెళ్దాంరా, అంది.