ముక్కుమేస్త్రి తెల్లగుడ్డ

పాత కారు కింద వెల్లకిలా పడుకుని పెట్రోలు పైపుకు క్లిప్పు బిగిస్తున్నాడు ముక్కుమేస్త్రి. పైన కొక్కేనికి బల్బు వేలాడుతోంది. ఆ వెలుగులో గుబురు మీసం, దాని మీద షెడ్డుకు సైన్‌బోర్డు లాంటి ముక్కు.

పేరు ఆ ముక్కు వల్లే వచ్చింది. బండి గేటు దాటుతుండగానే కాలుతున్నది క్లచ్చో, వైరో, ఆయిలో చెప్పేసేవాడు. జేబులో ఎప్పుడూ ఒక తెల్లగుడ్డ. ఎక్కడ చెమ్మ కనబడినా దాంతో అద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని తీర్పు చెప్పడం ఆయన పద్ధతి. షెడ్డు యజమాని ఆయన బావమరిదే. ఆ తీర్పు వినడానికి చేస్తున్న పని ఆపి మరీ నిలబడేవాడు.

పోయిన చలికాలంలో వచ్చిన జ్వరం పోతూపోతూ వాసనలన్నీ మూటగట్టుకుపోయింది. ఇంటావిడ ఒక్కర్తే కనిపెట్టింది. మాడిన కూర తిని ఆయన "బాగుంది" అన్నాడు. కాపురంలో ఎన్నడూ ఆ మాట వినని ఆవిడ వెళ్లి థర్మామీటరు తెచ్చింది. షెడ్డులో మాత్రం గుడ్డ ముక్కు దాకా వెళ్లడం, కళ్లు మూతపడడం మామూలే. తీర్పు కళ్లూ చెవులూ చేతులూ కలిసి చెబుతున్నాయి. ఇంతవరకూ తప్పలేదు. బయటపడితే మాత్రం ముక్కుమేస్త్రి వట్టి మేస్త్రి అయిపోతాడు.

ఇంతలో పెద్ద ఎస్‌యూవీ ఒకటి ఇంటిల్లిపాదినీ మోసుకుని లోపలికి వచ్చింది. మేస్త్రి క్లిప్పునీ బల్బునీ అలాగే వదిలి బయటికి పాకాడు.

"కాలిన వాసన వస్తోందట," అన్నాడు బండి నడిపే ఆయన. "నాకైతే ఏమీ రావట్లేదు. మా అత్తగారికే వస్తోంది. రేపు కొండ మీదికి ప్రయాణం. ఆవిడేమో ఎక్కనంటున్నారు."

"ఎక్కనని కాదు నాయనా, వీళ్లనీ ఎక్కనివ్వనంటున్నా," అంది చివరి సీట్లోంచి అత్తగారు.

అల్లుడి లెక్కలో అత్తగారికి వచ్చేది వాసన కాదు, అభిప్రాయం.

"అందరూ రోజూ కూర్చునేచోటే కూర్చోండి. ఓ చుట్టు తిరిగొద్దాం," అన్నాడు మేస్త్రి. తను వెళ్లి అత్తగారి పక్కన ఇరుక్కుని, గుడ్డ తీసి మొహం తుడుచుకుని సీటు మీద పెట్టాడు.

దారిలో ఒక్కొక్కరినే అడిగాడు. ముందు కూర్చున్న ఇల్లాలు, "ఇస్త్రీ చేస్తూ బట్ట మాడ్చినట్టు, లీలగా," అంది. మధ్య సీట్లో అక్క, "తమ్ముడి సాక్సు వాసన," అంది. తమ్ముడు అక్క సాక్సేనన్నాడు. దాని మీద కాసేపు యుద్ధం.

"నాకు మాత్రం పక్కన పొయ్యి పెట్టినట్టుంది," అంది అత్తగారు. "హ్యాండ్‌బ్రేకు వేసి, తీసి బయల్దేరినప్పుడల్లా ఇంకా ఎక్కువ."

ముందు లీలగా, వెనక పొయ్యి. రోడ్డు పల్లంగా ఉన్నా బండి తనంతట తాను దొర్లడం లేదు. మేస్త్రికి అప్పుడే సగం తెలిసిపోయింది.

అత్తగారు డబ్బీ తీసి మోకాళ్లకు నొప్పుల మందు రాసుకుంది. "అమ్మమ్మా, మళ్లీనా!" అంటూ పిల్లలు ముక్కులు మూసుకుని అద్దాలు దించారు. పక్కనే కూర్చున్న మేస్త్రి చలించలేదు. ఆవిడ పరధ్యానంగా తెల్లగుడ్డకు వేళ్లు తుడుచుకుంది.

షెడ్డుకు రాగానే మేస్త్రి ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. వెనక ఎడమ చక్రం ఇస్త్రీపెట్టెలా సెగ కొడుతోంది. అత్తగారు అందించిన గుడ్డతో చక్రం మీది నల్లటి పొడి అద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు.

"బ్రేకు. పట్టుకుంది గానీ వదలడం లేదు. ఈ ఘాటు దానిదే."

"మా బావ ముక్కంటే ఏమనుకున్నారు!" అన్నాడు దూరం నుంచి బావమరిది. అత్తగారు మేస్త్రినే చూస్తూ నిలబడింది.

చక్రం ఊడింది. బ్రేకు పట్టును ముందుకీ వెనక్కీ జరిపే పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. మేస్త్రి వాటిని లాగి, రుద్ది, నున్నగా అయ్యాక గ్రీజు పూశాడు. మాడిన ప్యాడ్లు తీసి కొత్తవి వేశాడు. హ్యాండ్‌బ్రేకు వేయించి, తీయించి, చక్రాన్ని ఒక్క వేలితో తోశాడు. అది చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. దాన్ని చూస్తుంటే ఆయనకు కడుపు నిండినట్టయింది. ముక్కు లేకపోయినా ఇంకో పదేళ్లు నెట్టుకురావచ్చు.

అల్లుడు ఫోనులో ఉండగా అత్తగారు దగ్గరికొచ్చింది. "ఆ గుడ్డకున్న ఘాటు నా మోకాళ్ల మందుది నాయనా."

మేస్త్రి మీసం సవరించుకున్నాడు.

"ఎన్నాళ్లయింది?"

"చలికాలం నుంచమ్మా."

"మరి బ్రేకని ఎలా పట్టావు?"

"మీ ముక్కుతోనే."

"ఆ ముక్క మా అల్లుడికి వినబడేలా చెప్పు," అని నవ్వింది ఆవిడ. "నేనెవరికీ చెప్పన్లే. కానీ ఆ మూల కారు దగ్గర పెట్రోలు గుప్పుమంటోంది. దాని కింద దీపమెందుకు పెట్టావు?"

మేస్త్రి వెళ్లి ముందు బల్బు ప్లగ్గు లాగాడు. తర్వాత వంగి చూశాడు. సగం బిగించిన క్లిప్పు నుంచి చుక్కలు కారుతున్నాయి. పొద్దున తను పడుకున్నచోట నేల నల్లగా తడిసి ఉంది. దాని పైనే, ఇంకా వేడిగా, బల్బు. చుక్కల మీదికి వంగినా ఆయన ముక్కుకు ఏమీ అందలేదు.

ఎస్‌యూవీ వెళ్లిపోయింది. కారుతున్న పైపు మార్చి, నేల కడిగించి, సాయంత్రం చేతులు రుద్దుకుంటూ బావమరిదితో అన్నాడు: "రేపట్నుంచి రానురా. నాకు ముక్కు పోయింది."

బావమరిది కంగారుగా ఆయన మొహంలోకి చూశాడు. ముక్కు ఉన్నచోటే ఉంది. సంగతంతా విన్నాక, "పోతే పోయింది, చేతులున్నాయిగా బావా! ఇవాళ బండి పట్టేశావుగా!" అన్నాడు.

"పట్టేశాను. నిన్ను లోపల పెట్టి షెడ్డు తగలబెట్టబోయిందీ నేనే."

"మరేం చేస్తావు?"

"టైర్ల షాపు వాడు ఎప్పట్నుంచో రమ్మంటున్నాడు. చక్రాలకి చేతులు చాలు."

చొక్కా మార్చుకుని, జేబులోని గుడ్డ మడత విప్పి మేకుకు తగిలించాడు. పని బాగా కుదిరిన రోజు నడిచినట్టే, తాపీగా చేతులూపుకుంటూ రోడ్డెక్కాడు.

మర్నాడు బావమరిది షట్టరు ఎత్తి, మొదటిసారి తనే గాలి పీల్చి చూశాడు. పెట్రోలు వాసన లేదు. మేకుకు వేలాడుతున్న తెల్లగుడ్డ మాత్రం మోకాళ్ల మందుతో షెడ్డంతా ఘుమాయిస్తోంది.